బోరు పైపు మింగిన సైలెన్సరు

నేను ఒక సైలెన్సరును. లారీ సైలెన్సరును. పేరు చివర 'సర్' ఉంది కదా అని ఏ ఒక్కరూ నన్ను సర్ అని పిలిచిన పాపాన పోలేదు. గొట్టం అన్నారు. అంతటితో ఆగారా? చేతకానివాణ్ణి తిట్టాలన్నా మీకు మా జాతి పేరే కావాలి, "వాడో గొట్టంగాడు" అని! పోనీండి. జీవితమంతా లారీ కడుపు కింద వేలాడుతూ పొగ పీల్చానే గానీ ఒక్క పొగడ్తకు నోచుకోలేదు. తుప్పు పట్టాక ఇప్పుడు నాలుగు మాటలు చెప్పుకుంటున్నాను. మొదట నవ్వొస్తుంది. తర్వాత రాదు.

బయటికి నేను ఉత్త రేకు డబ్బాను. నా లోగుట్టంతా లోగొట్టాల్లో ఉంది. నన్ను చేసిన కార్ఖానాలో జల్లెడలా చిల్లులు పొడిచిన గొట్టాలు నాలో అమర్చారు, వాటి మధ్య అడ్డగోడలు పెట్టారు. ఇంజనులో పుట్టిన గర్జన ఆ సందుల్లో దూరి, గోడలకు కొట్టుకుని, దారి తప్పి, అలిసిపోయి, చివరికి గొణుగుడై బయటపడుతుంది. బరువు మోత లారీది, చెవుల మోత ఆపే పూచీ నాది.

మొదట ఒంగోలులో ఒక కలప వ్యాపారి దగ్గర పనిచేశాను. ఆయన డ్రైవరు ఒక్కసారైనా వంగి నా మొహం చూడలేదు. నొప్పి పుడితే గానీ మనుషులకు తమ మోకాలే గుర్తు రాదు, ఇక నేనెంత! ఆయన లారీని అమ్మేస్తే పిడుగురాళ్ళ యల్లమంద కొన్నాడు.

యల్లమందే ఓనరు, యల్లమందే డ్రైవరు. బట్టీల నుంచి సున్నం తోలతాడు. "మోసేది సున్నం, మిగిలేది సున్నా" అని తన మీద తనే నవ్వుకునేవాడు. క్లీనరు నాగుల్ మీరా అతనికంటే పెద్దవాడు. ఫోనులో "ఎవరూ, మీరా?" అని ఎవరడిగినా, గౌరవమో పేరో తేల్చుకోకుండా "ఆఁ, మీరానే" అనేవాడు. ఇద్దరికీ ఏ చుట్టరికమూ లేదు. అయినా బావా అంటే బావా అనుకునేవారు. క్యాబినులో కూర్చుంటే గుంటూరు వచ్చేదాకా కబుర్లే. నేను గొణుగుతూ వినేవాణ్ణి.

లారీని వెనక్కి తీసేటప్పుడు చూడాలి వాళ్ళ జోడీని! అద్దాల్లో పక్కలు కనపడతాయి, సరిగ్గా వెనక ఏముందో కనపడదు. మీరా దిగి వెనక నిలబడి అరచేత్తో తొట్టి చెక్క మీద కొట్టేవాడు. టప్ టప్ టప్ అని వరసగా పడుతుంటే రావచ్చని. ధన్‌మని ఒక్కటి పడితే ఆగమని. కేకలు సంత గోలలో కలిసిపోతాయి, చేతిదెబ్బ మాత్రం బండిలోంచే నడిచొస్తుంది. యల్లమంద మెడైనా తిప్పకుండా ఎంత ఇరుకు సందులోకైనా వెళ్ళిపోయేవాడు. "నా కళ్ళు రెండూ మా బావ అరచేతిలో ఉన్నయ్యి" అనేవాడు.

అంతా బాగానే ఉంది కదా. బాగా ఉంటే మనిషికి తోచదు.

ఒకరోజు బట్టీల దగ్గర, బస్సంత చప్పుడు చేసే బండి గల డ్రైవరొకడు అందరి ముందూ అన్నాడు: "ఏం యల్లమందన్నా, ఇంజను ఏశావా, ఇంకా లేదా? పిల్లి పాలు తాగినట్టుందిగా నీ బండి!"

"మాది సంసారి బండిరా" అన్నాడు మీరా రోషంగా. దానికి ఇంకా నవ్వారు.

దారంతా ఇద్దరూ ఉడికిపోయారు. "సైలెన్సరు మార్పిద్దామంటే షెడ్డోడు చేతి చమురు వదిలిస్తాడు" అన్నాడు యల్లమంద.

"షెడ్డెందుకు బావా? ఇంటి కాడ మనమే కానిద్దాం. నీళ్ళు పడని బోరు పైపు ముక్క మా దొడ్లో ఊరికే పడుంది" అన్నాడు మీరా.

అవును, ఆ ఉపాయం మీరాదే.

ఆదివారం పక్కింట్లో గేట్లు చేసే అతని దగ్గర కటింగు మిషను, వెల్డింగు మిషను అడిగి తెచ్చారు. నన్ను విప్పి గచ్చు మీద పడుకోబెట్టారు. కదలకుండా మీరా రెండు కాళ్ళతో తొక్కిపట్టాడు. యల్లమంద నిలువునా కోశాడు. నిప్పురవ్వలు లేస్తుంటే అతని భార్య తిరపతమ్మ బయటికొచ్చింది.

"ఏందయ్యా ఇది? బాగున్నదాన్ని కోసి బాగుచేయటమేంది?"

"నువ్వు లోపలికి పోవే. ఇంజను ఊపిరాడక చస్తంది, గాలి ఆడనిస్తన్నాం."

"దాని ఊపిరి మాటేమో గానీ మీ మిషను దెబ్బకి ఇంట్లో కరెంటు పోయింది. మిక్సీలో పచ్చడి సగంలో ఆగింది. నువ్వూ మా మీరా అన్నా మధ్యాన్నం సగం పచ్చడే తినండి!"

నా లోగొట్టాలన్నీ పీకేశారు. అడ్డగోడలు విరగ్గొట్టారు. నీళ్ళు పడని పైపు వచ్చి నా కడుపున పడింది. కోసిన పొట్టకు పాత నూనెడబ్బా రేకు అతికారు. నిన్నటిదాకా బతుకు, ఇవాళ్టి నుంచి అతుకు. లోపలున్నదంతా ఊడ్చేశాక నాకు గొంతు వచ్చింది. అలా గొంతు వచ్చినవాళ్ళు మీలోనూ కొందరు ఉన్నారులెండి.

ఇంజను వేయగానే కాకులు లేచిపోయాయి. మీరా భుజం మీది తువ్వాలు గాలిలో తిప్పుతూ గంతులేశాడు. "పులి బావా, పులి!"

బట్టీల దగ్గర మళ్ళీ ఎవరూ పిల్లి మాట ఎత్తలేదు. క్యాబినులో మాత్రం కబుర్లు ఆగిపోయాయి. నా అరుపులో ఒకరి మాట ఒకరికి వినపడేది కాదు. సైగలతో సరిపెట్టుకున్నారు. బట్టీల దగ్గర విశాలమైన చోటు కాబట్టి బండి వెనక్కి తీయడంలో ఏ తేడా తెలియలేదు. టప్ టప్‌లు వినపడకపోతే పోయాయి, ఆగమనే పెద్ద దెబ్బ వినపడకుండా పోతుందా అనుకున్నాడు యల్లమంద. మీరా కూడా అలాగే అనుకున్నాడు.

చిలకలూరిపేటలో ఒక గోడౌను. సరుకు దించే రాతి దిమ్మ దగ్గరికి బండి వెనక్కి పోతోంది. మీరా వెనక నిలబడి కొడుతున్నాడు. దిమ్మ దగ్గర పడింది. ధన్‌మని కొట్టాడు. బండి ఆగలేదు. ఇంకా గట్టిగా కొట్టాడు. నాకు తెలుసు. ఆ దెబ్బ తొట్టి చెక్కలోంచి ఛాసిస్‌లోకి, అక్కణ్ణుంచి నన్ను పట్టుకున్న క్లాంపులోకి దిగింది. క్యాబినులోకి మాత్రం నా అరుపే వెళ్ళింది. మూడోసారి కొట్టబోయిన కుడిచెయ్యి తొట్టికీ దిమ్మకీ మధ్య ఉండిపోయింది.

బొటనవేలు ఒక్కటే మిగిలింది.

ఆసుపత్రి నుంచి తీసుకెళ్ళడానికి యల్లమంద లారీయే తెచ్చాడు. మీరా కట్టు కట్టిన చేతిని గుండెకు ఆనించుకుని గేటు బయటికి వచ్చాడు. ఇంజను ఇంకా వేయలేదు కాబట్టి వాళ్ళ మాటలు విన్నాను.

"బావా, ఒక్క మాట చెప్పు. కొట్టావా?"

మీరా బండి చక్రం వంక చూశాడు. "లేదు బావా. బీడీ ముట్టించుకుంటా ఏమరుపాటున ఉన్నా. కొట్టటం మర్చిపోయా. తప్పు నాదే, అందరికీ అదే చెప్పా."

ఆ రోడ్డు మీద నా అంత పెద్ద నోరున్నది ఇంకొకటి లేదు. ఆ ఒక్క నిజం చెప్పడానికి మాత్రం అది పనికిరాలేదు.

మర్నాడు పొద్దున్నే యల్లమంద ఇంజను వేసి, తిరపతమ్మను బండి వెనక నిలబెట్టి, కొట్టమని చెప్పి క్యాబినులో కూర్చున్నాడు. చాలాసేపు కూర్చున్నాడు. చివరికి ఇంజను ఆపి విసుగ్గా దిగొచ్చాడు.

"కొట్టవేందే?"

"ఇందాకట్నుంచీ కొడతానే ఉన్నా గదయ్యా! చూడు" అని ఆమె చెయ్యి చాపింది. అరచెయ్యి ఎర్రగా కందిపోయి ఉంది.

యల్లమంద ఆ చెయ్యి పట్టుకుని అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు.

"అయితే మా అన్న కొట్టాడా?" అని ఆమె మెల్లగా అడిగింది.

ఆ పూటే నన్ను విప్పి పాత ఇనుము కొట్లో పడేశాడు. తనకు తెలిసిన ఆ కొట్టువాణ్ణి బతిమాలి మీరాను అక్కడే కాపలా పనికి కుదిర్చాడు. ఇంకో క్లీనరును పెట్టుకోలేదు. బండి వెనక్కి తీయాలంటే దిగి, వెనక్కి నడిచి చూసుకుని, మళ్ళీ ఎక్కి, జానెడు పోనిచ్చి, మళ్ళీ దిగుతున్నాడట. తోటి డ్రైవర్లు అనుకుంటుంటే విన్నాను.

మీరా కూర్చోడానికి ఈ కొట్లో ఇంకేమీ లేనట్టు నన్నే వాల్చుకుని కూర్చుంటాడు. మధ్యాన్నం యల్లమంద వస్తాడు. మీరా ఎడమచేత్తో తినలేక ఇబ్బంది పడటం చూసి, అన్నం తనే ముద్దలు చేసి నోటికి అందిస్తాడు. కొట్టానని మీరా చెప్పలేదు. తెలిసిపోయిందని యల్లమంద చెప్పలేదు. నా మీద కూర్చుని ఇద్దరూ వాన గురించి, డీజిలు గురించి మాట్లాడుకుంటారు.

నిన్న ముద్ద అందిస్తూ అందిస్తూ యల్లమంద చెయ్యి ఆగిపోయింది.

"ఏంది బావా, కళ్ళెంట నీళ్ళు?" అన్నాడు మీరా.

"మీ చెల్లెలు కారం ఎక్కువేసింది బావా."

"అవును, ఎక్కువే ఏసింది" అన్నాడు మీరా నములుతూ.

గిన్నెలో ఉన్నది పెరుగన్నం.