బొట్టు పెట్టిన ఫ్లాపీ

రాజమండ్రిలో కంప్యూటర్లు బాగుచేసుకుని బతికేవాణ్ణి. "నాకేమీ తెలీదు, నువ్వే చూడు" అనే కస్టమరంటే నాకు దేవుడితో సమానం. అన్నీ తెలుసనేవాళ్లతోనే చావొస్తుంది. మౌసు వైరు ఊడితే "మదర్‌బోర్డు పోయిందండి" అంటారు, పైగా మనల్నే అనుమానంగా చూస్తారు.

వాళ్లందరికీ పెద్ద మా వేంకటేశ్వర్లు మాస్టారు. దానవాయిపేటలో ఉంటారు, రిటైరైన లెక్కల లెక్చరర్. ఒకసారి ప్రింటర్‌కి స్విచ్చి వెయ్యడం మర్చిపోయి, "డ్రైవర్ కరప్టయిందోయ్ దొరబాబూ" అని నన్ను మండుటెండలో రప్పించారు. ఒళ్లు మండిపోయింది. ఏదో అనబోతుంటే వాళ్లావిడ సీతారామలక్ష్మిగారు మజ్జిగ గ్లాసు చేతికిచ్చి, "ఆయనకి తెలీదని మాత్రం అనకు బాబూ, ఆ ఒక్క మాటా పడరు" అని మెల్లిగా చెప్పారు. ఆవిడ మొహం చూసి నోరు మూసుకున్నాను.

ఆ మహాతల్లి పోయి నెల కావస్తోందనగా జరిగిందిది.

ఆవేళ పొద్దున్నే మాస్టారి ఫోను. "దొరబాబూ, కంప్యూటర్లో సౌండ్ రావట్లేదు. రేపు మాసికం. అమ్మాయి ఫణిశ్రీ తుని నుంచి వస్తోంది. వాళ్లమ్మ గొంతు ఒక్కసారి వినాలని ఒకటే ఏడుపు. తొందరగా రా."

ఆ గొంతు సంగతి నాకు తెలుసు. కిందటి వేసవిలో నేను మైకు బిగించిన రోజున రికార్డు చేసింది. "ఏదో ఒకటి మాట్లాడవే" అని మాస్టారు మైకు ఆవిడ మూతి దగ్గర పెట్టారు. ఆవిడ సిగ్గుపడిపోయి, "దీంతో నేనేం మాట్లాడతానండీ? ఏవండీ, కాఫీ చల్లారిపోతోంది, ఇంక ఆ పెట్టె ముందు నుంచి లేవండి" అన్నారు. అంతే. ఆవిడ గొంతు ఇంకెక్కడా లేదు. కూతురి పెళ్లి వీడియోలో కూడా సన్నాయి మోతే తప్ప ఆవిడ మాట ఒక్కటీ వినపడదు.

వెళ్లి కంప్యూటర్ ఆన్ చేశాను. తెర మీద పాతవి ఒక్కటీ లేవు. కొత్త ఇంట్లో గోడల్లా బోసిగా ఉంది.

"ఇదేంటండీ మాస్టారూ?"

"ఫార్మాట్ కొట్టాను" అన్నారు గొప్పగా. "మైల తీరాక ఇల్లంతా కడిగాం, పుణ్యాహవాచనం చేయించాం, సామానంతా శుద్ధి చేసుకున్నాం. దీన్నొక్కదాన్నీ ఎలా వదిలేస్తాను? నీళ్లతో కడగలేం కదా. అందుకని లోపలంతా తుడిచేసి, విండోస్ కూడా నేనే ఎక్కించాను."

"మరి అమ్మగారి మాట?"

"భలేవాడివే! బ్యాకప్ తియ్యకుండా ఫార్మాట్ కొడతానా? ఆమాత్రం నాకు తెలీదూ?"

పూజగదిలోకి వెళ్లి, ఆ బ్యాకప్ తీసిన ఫ్లాపీ డిస్కు తెచ్చారు. దానికి పసుపు రాసి కుంకుమబొట్టు పెట్టారు. రెండు చేతులతో పట్టుకుని ప్రసాదంలా ఇచ్చారు.

సౌండ్ డ్రైవర్ వేశాను. ఫ్లాపీ పెట్టాను. కర్రుకర్రుమంది. లోపల ఒకటే బొమ్మ ఉంది, కింద 'సీత' అని పేరు. ఆ బొమ్మ మూలన చిన్న బాణం గుర్తు చూడగానే నాకు ఏడుపొచ్చినంత పనయింది. మాస్టారు తెర మీద కనబడే షార్ట్‌కట్ బొమ్మని తెచ్చి ఫ్లాపీలో వేశారు. అసలు మాట హార్డ్ డిస్కులోనే ఉండిపోయింది. డోర్ నెంబరు రాసుకుని ఇల్లు తెచ్చేసుకున్నాననుకున్నారు. ఆ ఇంటిని ఆయన చేత్తో ఆయనే పడగొట్టేశారు.

"నొక్కవోయ్" అన్నారు. నేను మౌసు వదిలేశాను. ఆయనే నొక్కారు. తెర మీద టార్చిలైటు బొమ్మ అటూ ఇటూ తిరిగి వెతికింది. అది దొరకలేదు, దగ్గర్లో ఇదొకటుంది, ఇది తెరవనా అని అడిగింది. మాస్టారు చదవకుండానే సరే కొట్టి, చెవి స్పీకరు దగ్గర పెట్టారు.

టింగుమని విండోస్ గంట మోగింది.

"ఇది కాదే" అన్నారాయన.

చెప్పక తప్పలేదు. చెబుతుంటే మధ్యలో "నాకు తెలుసోయ్..." అని మొదలుపెట్టి ఆగిపోయారు. పోయినవి వెనక్కి తెచ్చే సాఫ్ట్‌వేర్ నా దగ్గరుంది. మధ్యాహ్నం దాకా దాంతో కుస్తీ పట్టాను. ఎక్కడెక్కడివో ముక్కలొచ్చాయి కానీ ఆవిడ మాట రాలేదు. నా మీద నాకే చిరాకేసింది. నా విద్య ఎందుకు, తగలెయ్యడానికా అనిపించింది.

"నాకు రాదోయ్ దొరబాబూ" అన్నారు మాస్టారు. అంత చిన్న గొంతుతో ఆయన మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. "కంప్యూటర్ నాకేమీ రాదు. నిన్నొక్క మాట అడిగుంటే సరిపోయేది. రేపు పిల్లకి ఏం చెప్పను?"

ఫ్లాపీ తీసి ఇచ్చాను. ఆయన దాని మీది బొట్టు చెరగకుండా అంచులు పట్టుకున్నారు.

"ఆవేళ నువ్వు కూడా ఉన్నావుగా. ఎలా అందో ఒక్కసారి అను."

నా బండగొంతుకి సిగ్గేసింది. అయినా, ఆవిడ సాగదీసినట్టే సాగదీస్తూ అన్నాను. "ఏవండీ, కాఫీ చల్లారిపోతోంది, ఇంక ఆ పెట్టె ముందు నుంచి లేవండి."

"వస్తున్నానే" అన్నారు మాస్టారు.

కుర్చీలోంచి లేచారు కూడా. లేచి వంటింటి వైపు రెండడుగులు వేసి, ఎక్కడికెళ్లాలో తెలీక అక్కడే నిలబడిపోయారు.