ఏరినోళ్ల ముద్ద

గట్టిగా మోగిన ఆలిచిప్పను కిష్టవ్వ ఎడమ పక్కనున్న గంపలో వేసింది. బోలుగా మోగినదాన్ని వెనక్కి చూడకుండానే భుజం మీదుగా విసిరేసింది. అది సున్నం బట్టీకి పోయే కుప్ప మీద పడి గలగలమంది. ఇంకొకటి తీసుకుంది. తట్టింది. అది కూడా బోలుగానే మోగింది. ఈసారి విసరలేదు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, పక్కనున్నవాళ్లు చూడకుండా కొంగులో వేసుకుని ముడి బిగించింది.

వైశాఖానికి గోదావరి సన్నబడి, ఇసుకలో అక్కడొకటి ఇక్కడొకటి మడుగులై మిగిలింది. మొగవాళ్లు మెడలోతు నీళ్లలో దిగి, కాళ్లతో బురద తడిమి, ఆలిచిప్పలు తీసి గట్టున కుమ్మరించి పోతారు. అక్కడి నుంచి పని ఆడవాళ్లది. బతికున్నవి ఏరితే వండుకునేవాళ్లు కొనుక్కుపోతారు. చచ్చినవి కాల్చితే సున్నమవుతుంది.

కిష్టవ్వకు యాభై దాటాయి. నడుము ఒక పక్కకు ఒరిగింది. నీళ్లలో నానీ నానీ వేళ్ల కొసలు తెల్లగా ముడతలు పడ్డాయి. కుడి బొటనవేలి గోరు మందమై, ఆలిచిప్ప అంచులాగే పదును తేలింది. తట్టడానికి చేతిలో ఒక నల్లటి నున్నటి రాయి. కాపురానికి వచ్చిన కొత్తలో అత్త ఆ రాయిని ఆమె చేతిలో పెట్టి, ఈ పనికున్న కట్టు చెప్పింది.

నోరు తెరిచి ఉన్నదాన్ని ఒక దెబ్బ తట్టి చూడాలి. జీవముంటే ముడుచుకుంటుంది. మూసుకుని ఉన్నదాన్ని కూడా నమ్మకూడదు. రెండు బొటనవేళ్ల నడుమ పక్కకు నొక్కితే చిప్పలు జారాయంటే లోపల ఉన్నది బురదే. రాత్రి చచ్చినది పొద్దున వాసన రాదు, ఎండెక్కాకే వస్తుంది. ఆ నడుమనే అది మనిషిని మోసం చేస్తుంది. ఉడికాక కూడా నోరు తెరవనిదాన్ని పారేయాలి. ఇన్ని చెప్పి, చివరన అత్త ఆమె చెయ్యి పట్టుకుని ఇంకోటి చెప్పింది. ఎవరింట్లో ఉడికినా సరే, మొదటి ముద్ద ఏరినవాళ్లే తినాలి. దాన్ని ఏరినోళ్ల ముద్ద అంటారు. వెనకటికి ఎవరో ఒళ్లు బద్ధకించి చచ్చినవి కలిపితే, పెండ్లికొచ్చిన చుట్టాలు సగం మంది మంచం పట్టారట. అప్పటి నుంచి ఈ కట్టు.

ఇన్నేండ్లలో కిష్టవ్వ ఏరిన ఆలిచిప్ప తిని కడుపు నొచ్చిందన్నవాళ్లు లేరు.

"అక్కా, పటేలింటికి నువ్వే పోతున్నవట నిజమేనా?" పక్కన కూర్చుని ఏరుతున్న కమలవ్వ అడిగింది. ఆమె కిష్టవ్వకు యారాలు, మరిది భార్య.

"పిలిచిండ్రు. పోవద్దా?"

"నాకైతే ఆ గడప తొక్కబుద్ధి గాదు."

"నాకైతది."

"ఏందే, గీ వయసుల పటేల్ మీద మనసు వడ్డదా?" కమలవ్వ కిసుక్కున నవ్వింది.

"తొమ్మిదేండ్ల సంది నా మనసు ఆయన మీన్నే ఉన్నది," అంది కిష్టవ్వ. నవ్వకుండానే అంది.

కమలవ్వ నవ్వు ఆగిపోయింది. తల వంచుకుని మళ్లీ తట్టసాగింది.

పోలీసు యాక్షన్‌కు ముందటి ఎండాకాలం అది. కిష్టవ్వ మొగడు భూమన్న పడవ నడిపేవాడు. రజాకార్లకు భయపడి ఊళ్లు విడిచిపోయేవాళ్లను చీకట్లో గోదావరి దాటించేవాడు. ఎవరో ఆ కబురు మోశారు. రజాకార్లు వచ్చేసరికి అతనికి పారిపోను వేళ లేదు. ఇసుకలో తారు పూతకు బోర్లించిన పడవలు మూడు ఉంటే, ఒకదాని కింద దూరాడు. పోలీసు పటేలు లక్ష్మీరాజం వాళ్ల వెంట నడిచివచ్చాడు. ఆయన నోరు తెరిచి ఒక్క మాట కూడా అనలేదు. చేతిలోని ఇత్తడి పొన్ను కర్రతో మొదటి పడవను తట్టాడు. బోలుగా మోగింది. రెండోది తట్టాడు. అదీ బోలే. మూడోది తట్టాడు. చప్పుడు మొద్దుగా వచ్చింది. ఆయన చిన్నప్పటి నుంచి ఈ గట్టున తిరిగినవాడే, ఆలిచిప్పలు ఎట్లా ఏరతారో చూసినవాడే. చెవి ఒరగేసి విని, ఇంకోసారి తట్టి, చిన్నగా నవ్వి పక్కకు జరిగాడు.

ఇదే చోట గంప ముందు కూర్చుని కిష్టవ్వ అదంతా చూసింది. భూమన్నను బయటికి లాగి అవతలి ఒడ్డుకు తీసుకుపోయారు. తుపాకి చప్పుడు ఒక్కటే ఇవతలికి వచ్చింది.

తర్వాత రాజ్యం మారింది. లక్ష్మీరాజం టోపీ మారింది. మడుగుల గుత్త కూడా ఆయన చేతికే వచ్చింది. కిష్టవ్వ ఆయన మడుగులోని చిప్పలే ఏరి, ఆయన మనిషి పెట్టిన కూలే తీసుకుని బతికింది. బావిలో దూకలేదు, ఊరు విడవలేదు. ఎదురుపడినప్పుడు దండం కూడా పెట్టింది. పోయిన చలికాలం ఆయనకు దగ్గు పట్టుకుంది. మనిషి ఎండిపోయాడు, ముక్కుకు వాసన తెలియకుండా పోయింది. మంథని వైద్యుడు వచ్చి చేయి చూసి, ఆలిచిప్పల చారు తాగితే సత్తువ వస్తుందన్నాడు. పటేలింట్లో అది వండటం ఎవరికీ రాదు. కబురు కిష్టవ్వకు వచ్చింది.

ఎండ ముదరకముందే ఆమె లేచింది. గుత్త మనిషి పటేలు కోసమని మంచివి ఏరించి ఒక వెదురు జల్లలో పోసి ఇచ్చాడు. వాటిని నెత్తిన పెట్టుకుని ముందు తన గుడిసెకు పోయింది. మూలనున్న మట్టి గురిగి నిండా గోదావరి నీళ్లు పోసి, జల్లలోని చిప్పలను ఒక్కొక్కటిగా అందులోకి దించింది. కొంగు ముడి విప్పి, పొద్దుటి నుంచి దాచినవి జల్లలో పోసుకుంది. గురిగి మీద మూకుడు మూసి, తలుపు దగ్గరికి వేసి, పటేలింటి వైపు నడిచింది.

పటేలు కోడలు నర్మద పెరట్లో పొయ్యి రాజేసి పెట్టింది. మొగడు దూరాన బొగ్గుబాయి ఆఫీసులో ఉంటాడు. మామ సేవంతా ఆమెదే. చేతిలో చిన్న పిల్ల.

ఆలిచిప్పలు ఉడికాయి. కొన్ని నోరు తెరిచాయి. తెరవనివాటిని కిష్టవ్వ కొడవలి మొనతో తెరిచింది. చింతపండు, మిరియాలు, ఎల్లిపాయ దట్టంగా వేసింది. నర్మద గంటె తీసుకుని ఉప్పు చూడబోయింది.

కిష్టవ్వ చటుక్కున ఆ చేయి పట్టుకుంది. "వద్దు బిడ్డా. రోగి గిన్నెల పిల్లతల్లి వేలు పెట్టద్దు. నేను సూస్త."

"ఉప్పుకేమైతది?"

"ఏమన్న గానియ్యి. కుండను, గంటెను నేనే తోముతా. పిల్లను ఈడికి రానియ్యకు."

నర్మద వింతగా చూసి, పిల్లను చంకన వేసుకుని జరిగింది.

లక్ష్మీరాజం వసారాలో మంచం మీద దిండ్లకు ఆనుకుని ఉన్నాడు. మెడ నరాలు తాళ్లలా తేలాయి. పొన్ను కర్ర మంచం పట్టెకు ఆనించి ఉంది.

"వచ్చినవా కిష్టవ్వా? నీ చేతులల్ల వడ్డ. సంపుతవో సాదుతవో," అని నవ్వబోయి దగ్గాడు.

"నా చేతులల్ల ఏమున్నది పటేలా."

"మీ కట్టు నాకెరుకే. ఏరినోళ్ల ముద్ద కానియ్యి. నా కండ్ల ముంగట."

ఆమె నేల మీద కూర్చుని, ఆకు దొప్పలో కొంచెం పోసుకుని తిన్నది. ఆయన ఆమె గొంతునే చూశాడు. ముద్ద దిగేదాకా చూశాడు. అయినా గిన్నె అందుకోలేదు. కర్ర తీసి గిన్నె అంచును తట్టాడు.

"నువ్వు ఏరుకొని తిన్నవు. గట్ల కాదు. అడుగున ఉన్నది సూడు, గదే, పెద్దది. గది తిను."

గిన్నె అంచు మీద మోగిన ఆ కర్ర చప్పుడుకు కిష్టవ్వ కండ్లెత్తి పొన్ను వైపు చూసింది. అడుగున ఉన్నదాన్ని తీసి నోట్లో వేసుకుని నెమ్మదిగా నమిలి మింగింది.

"ఇంకోటి తినుమంటవా?"

"సాలు. జర ఫికర్ ఉండె, పోయింది."

ఆయన తిన్నాడు. చారు చివరి బొట్టు దాకా తాగి, గిన్నె కింద పెట్టి, మీసం తుడుచుకున్నాడు. కిష్టవ్వ గిన్నె తీసుకుంది గానీ లేవలేదు.

"పటేలా, మూడో పడవను రెండుసార్లు తట్టినవు. ఒకసారికే ఎరుకాయె గదా, రెండోసారి ఎందుకు?"

లక్ష్మీరాజం చేయి మీసం మీదే ఆగిపోయింది. ఆమె ముఖం వైపు, ఆమె చేతిలోని గిన్నె వైపు మార్చి మార్చి చూశాడు.

"నువ్వు... నువ్వు సుత తింటివి గదనే?"

"తిన్న. నీ పుణ్యమాని ఒకటి ఎక్కువనే తిన్న."

"నర్మదా!" అని అరిచాడు. దగ్గు ముంచుకొచ్చింది. నర్మద పరుగెత్తుకొచ్చింది. "ఇది... దీని చారు..." అంటూ వేలు చూపించాడు.

"ఏంది మామా, గట్ల పరేషాన్ అయితవు? ఆమె ముందుగాల తిన్నది, నేను సూసిన గదా. పండుకో," అని ఆమె దుప్పటి కప్పింది.

కిష్టవ్వ పెరట్లో కుండను, గంటెను, గిన్నెను బూడిదతో రెండుసార్లు తోమింది. మిగిలింది గుంట తీసి పూడ్చింది. తిరిగి గట్టుకు వచ్చి పొద్దు వాలేదాకా చిప్పలు ఏరింది. ఆ పూట ఆమె చేతిలో నుంచి ఒక్క చచ్చిన చిప్ప కూడా గంపలోకి పోలేదు.

తెల్లారేసరికి ఆమె గుడిసె ముందు వాంతులు చేసుకుంటూ కనబడింది. కమలవ్వ వచ్చి తల పట్టుకుంది. పటేలింట్లోనూ అదే అని ఎవరో చెప్పారు. ఊరంతా కలరా గత్తర వచ్చిందని గడపలకు వేపమండలు కట్టుకుంది. కిష్టవ్వ ఏరినదాన్ని అనుమానించడం ఎవరికీ తోచలేదు. ఏరినోళ్ల ముద్ద ఆమె తిన్నది కదా.

మధ్యాహ్నం డప్పు మోగింది.

"ఎవరింట్ల?" కిష్టవ్వ కండ్లు మూసుకునే అడిగింది.

"పటేల్ పోయిండట అక్కా."

ఆమె డప్పు వింటూ చాలాసేపు పడుకుంది. ఒక దెబ్బ కూడా వదులుకోదలచనట్టు చెవి ఒరగేసి వింది. తర్వాత గుక్కెడు నీళ్లు అడిగి, తాగి, గోడ వైపు తిరిగింది. కమలవ్వ మళ్లీ పిలిస్తే పలకలేదు.

కిష్టవ్వను మట్టి చేసి వచ్చాక కమలవ్వ ఆమె గుడిసె ఊడ్చింది. మూల ఉన్న గురిగి మీద మూకుడు తీసింది. అవి పటేలు కోసమని తన కండ్ల ముందు ఏరించిన చిప్పలు. నీళ్లు కదిలి కొన్ని టక్కున నోళ్లు మూసుకున్నాయి. కమలవ్వ చీపురు చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. కొంతసేపటికి వంగి, గురిగి మీద మూకుడు మళ్లీ మూసి, చీకటి పడ్డాక దాన్ని గోదావరికి మోసుకుపోయింది.

ఖాళీ గురిగి మాత్రం ఆ మడుగు గట్టున చాలా రోజులు బోర్లించి ఉంది.