తిరగని మీటరు

అమ్మేటప్పుడు పెద్దగా తిరగని బండిలా కనబడాలని, లోవరాజు తన బైకు మీటరు కేబులు ఎప్పుడో ఊడదీసేశాడు. నర్సీపట్నంలో చాలామంది చేసే పనే. గొలుగొండ నుంచి కొనడానికొచ్చిన నానాజీ మీటరు చూసి, "ఇంతేనా తిరిగింది!" అని మురిసిపోయాడు.

గుమ్మంలో ఉన్న లోవరాజు పెళ్లాం అప్పలలక్ష్మి ఆ మాట పట్టుకుంది.

"రోజూ ఎస్. రాయవరం పనికెల్తన్నానని సెప్పినావు. మరి మీటరు తిరగలేదేటి? ఎవత్తి గుమ్మంలో కూకున్నావు ఇన్నాళ్లూ?"

నిజం చెబితే బేరం పోతుంది. లోవరాజు నానాజీ వైపు చూశాడు. ఆమె పుట్టింటికని సంచీ అందుకుంది.

అతను సీటు ఎత్తి, చుట్టిపెట్టిన కేబులు తీసి ఆమె చేతిలో పెట్టాడు.

నానాజీ చెప్పులేసుకున్నాడు.

"నా సెవిలో సెప్పలేకపోనావా!" అంది అప్పలలక్ష్మి. "ఇప్పుడెవరు కొంతారు దీన్ని?"