గుండుసూదులు తీసి అన్న మాట

పొద్దున్నే మా అమ్మ చేసే మొదటి పని మిషనుకి నూనె చుక్క వెయ్యడం. ఆ తర్వాత వీధి తలుపు బార్లా తియ్యడం. ఆ తర్వాత నోట్లో గుండుసూదులు పెట్టుకుని కుర్చీలో కూచోవడం. ఎనభై దాటినా ఆ వరస తప్పలేదు. ఆమె కాలు మిషను మీద పడిందో లేదో జనం రావడం మొదలయ్యేది. కుట్టించుకునేవాళ్ళు కొందరే, కబుర్లకొచ్చేవాళ్ళే అంతా. వడ్రంగి మామ, బస్సు డ్రైవరు, పక్కింటి నర్సు, ఎదురింటి అత్తాకోడళ్ళు, వాళ్ళు మాత్రం విడివిడిగా. బల్ల నిండితే గడప మీద, గడప నిండితే మెట్ల మీద. వాళ్ళు చెప్తుంటే అమ్మ కాలాడిస్తూ ఊఁ కొట్టేది. నోటినిండా సూదులు, ఇంకేం అంటుంది?

ఆ చెప్పిన మాటలు కుట్టులో ఉండిపోయేవి. ఏ గుడ్డ కుడుతుంటే ఆ గుడ్డలో. ఎన్నేళ్ళయినా సరే, ఆ కుట్టుని రెండు వేళ్ళ మధ్య నలిపితే మాట వినపడేది. మా వీధిలో అందరికీ తెలిసిందే. అందుకే ఊళ్ళో ఎన్ని కుట్టుషాపులొచ్చినా మా ఇంటికే వచ్చేవాళ్ళు.

వడ్రంగి మామ భార్య పోయి ఇరవై ఏళ్ళు. ఆయన చొక్కా కాలరు నలిపితే ఆవిడ ఇప్పటికీ తిడుతుంది, "రంపప్పొట్టు దులుపుకుని లోపలికి రమ్మంటే నీక్కాదూ!" అని. చొక్కా పీలికలైపోయింది. కాలరు ఒక్కటీ కత్తిరించి జేబులో పెట్టుకు తిరుగుతాడు ఆ ముసలాయన.

ఇంకోసారి ఏమైందో తెలుసా? ఎదురింటి కోడలు వచ్చి అత్త మీద గంటసేపు చాడీలు చెప్పింది. అమ్మ కుడుతున్నది ఆ అత్త జాకెట్టే. మర్నాడు ఆవిడ జాకెట్టేసుకుని చెయ్యెత్తితే చాలు, చంకలోంచి కోడలి గొంతు. వీధి వీధంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. అమ్మ సూదులు తీసి, "ఎవరి గుడ్డ కుడుతున్నానో చూసి మాట్లాడవే తిక్కదానా" అంది. అమ్మ సూదులు తీసిందంటే మిషను ఆగినట్టే. మాట అయ్యాక సూదులు మళ్ళీ నోట్లో పెట్టుకున్నాకే కాలాడించేది. అందుకని అమ్మ మాట ఏ గుడ్డలోనూ పడలేదు. ఊఁ లు మాత్రమే పడ్డాయి.

మా అక్క పెళ్ళి చేసుకోలేదు, అమ్మతోనే ఉండేది. నూలు మిల్లులో పని. పొద్దంతా ఆ మిషన్ల హోరులో నిలబడి, చెవుల్లో ఆ హోరే మోసుకుంటూ ఇంటికొచ్చేది. ఇంటికొస్తే ఇక్కడ సంత. గదిలోకెళ్ళి దిండు చెవులకి అదుముకుని పడుకునేది. ఎవరినీ ఏమీ అనేది కాదు.

ఆ రోజు అనేసింది. డ్రైవరు ఏదో జోకేస్తే అందరూ గొల్లున నవ్వుతున్నారు. అక్క గదిలోంచి లేచొచ్చింది. ఆ మొహం చూసి ఒక్కొక్కరే చెప్పులు వెతుక్కున్నారు. డ్రైవరు మెట్ల దాకా వెళ్ళి విన్నాడు, వాడే తర్వాత నాకు చెప్పాడు.

"నువ్వు పోతే గానీ ఈ ఇంట్లో నా చెవులకి సుఖం లేదే అమ్మా."

అమ్మ కాలు ఆగలేదు. "ఊఁ" అంది.

అక్క తలుపు ధడేల్న వేసి వెళ్ళిపోయింది. మిల్లు గేటు పక్కన బెంచీ మీద కూచుని, కోపం చల్లారాక చీకటి పడేవేళకి తిరిగొచ్చింది. అమ్మ మిషను మీద తల వాల్చి ఉంది. నిద్రపోతోంది అనుకుంది. కాదు. కాలు మిషను మీదే ఉంది. సూదులన్నీ నోట్లోంచి తీసి గుడ్డకి వరసగా గుచ్చి ఉన్నాయి.

సూదులు తీసింది ఎందుకో అప్పుడు మాకు తట్టలేదు. ఎలా తడుతుంది?

అమ్మ కుడుతున్నది ఒక పరదా. రెండు పొరల మందపు గుడ్డ. అక్క గది తలుపుకి. చప్పుడు లోపలికి పోకుండా.

ఆ తర్వాత నెల రోజులు జనం వస్తూనే ఉన్నారు, బట్టల మూటలు పట్టుకుని. దిండు గలీబులు, చొక్కాలు, పిల్లల లాగులు. ఎక్కడైనా అమ్మ మాట దొరుకుతుందేమోనని కుట్లన్నీ నలిపి నలిపి చూశాం. అన్నిట్లోనూ మా మాటలే. చచ్చిపోయినవాళ్ళు, ఊరొదిలినవాళ్ళు, చిన్నప్పటి మేము, అందరం ఉన్నాం. మధ్యమధ్య ఊఁ. ఫోనులో ఫొటోలు చూద్దామంటే అన్నిట్లోనూ నోట్లో సూదులే.

మెల్లగా రావడం మానేశారు. ఇల్లు నిశ్శబ్దమైంది. అక్క అడిగిందే అయింది.

ఒక రోజు నేను వెళ్ళేసరికి అక్క ఆ పరదా ఒళ్ళో వేసుకుని బ్లేడు పట్టుకుని ఉంది.

"ఏం చేస్తున్నావే?"

"విప్పేస్తున్నా. ఆ మాట ఇందులో ఉంది. నేను చచ్చాక ఎవరో నలుపుతారు, వింటారు."

కుట్టు విప్పితే మాట పోతుంది. అది కూడా అందరికీ తెలిసిందే. పోతూ పోతూ ఒకసారి వినపడుతుంది, ఇక అంతే. వద్దని నేను అనలేదు. నాకూ పోతే బాగుండుననే ఉంది.

సగంలో ఆగిన కుట్టు కదా, చివర ముడి లేదు. అమ్మ నేర్పినట్టే ఆ కొసనుంచి లాగింది అక్క. దారం సులువుగా వచ్చేసింది. కొసనుంచి విప్పితే మాట కూడా కొసనుంచే వస్తుంది.

"వెళ్ళకే" అంది గుడ్డ.

అక్క చెయ్యి ఇంకో కుట్టు లాగేసింది, ఆగలేకపోయింది.

"అలా."

ఇంకోటి.

"తల్లీ."

అమ్మ గొంతు. సూదులు లేని గొంతు. ఆ ఒక్కసారి మిషను ఆపకుండానే సూదులు తీసింది. తలుపు వైపు చూస్తూ అనుంటుంది. కాలు ఆపాలన్న సంగతి కూడా మర్చిపోయింది.

అక్క ఆ దారాన్ని మళ్ళీ ఆ కన్నాల్లోనే దూర్చింది. ఒక్కో కన్నం, ఒక్కో కన్నం. గుడ్డని చెవికి పెట్టుకుని నలిపింది. ఏం లేదు. నాకిచ్చింది. నేనూ నలిపాను. గుడ్డ చప్పుడు, అంతే.

ఇంక మిగిలింది తలుపు ధడేల్న పడ్డ చప్పుడు, దానికి ముందు అమ్మ ఊఁ, దానికి ముందు అక్క మాట. ఆ ఊఁ కోసం అక్క మిగతాది విప్పలేదు. అక్కడ ముడి వేసి, సగం పరదానే గది తలుపుకి తగిలించింది. గాలికి మడత పడ్డప్పుడల్లా అది అంటూనే ఉంటుంది. నువ్వు పోతే గానీ, నువ్వు పోతే గానీ.

ఆ రోజునుంచి అక్క గడప దాటలేదు. మిల్లు నుంచి కబురొచ్చింది, మేస్త్రీ వచ్చి బతిమాలాడు, కదల్లేదు. పొద్దున్నే మిషనుకి నూనె వేస్తుంది, వీధి తలుపు బార్లా తీస్తుంది, అమ్మ కుర్చీలో కూచుని నోట్లో సూదులు పెట్టుకుంటుంది. కుట్టడానికి ఎవరూ ఏమీ ఇవ్వట్లేదు. వడ్రంగి మామ ఒక్కడే అప్పుడప్పుడు వచ్చి గడప మీద కూచుంటాడు.

నిన్న నేను ఈ ఫోను తీసుకెళ్ళి, రికార్డు నొక్కి అక్క మొహం ముందు పెట్టాను. "ఒక్క మాట అనవే అక్కా. నన్ను తిట్టు పోనీ. ఇందులో ఉంటుందంట, విప్పినా పోదంట" అన్నాను.

సూదులు తియ్యలేదు. నా వైపు చూసి ఊఁ అంది.

ఇందులో ఉన్నది అదే.