పటిక తిప్పిన నీళ్ళు

కాలు తీసేయాలన్న మాట డాక్టరుగారు గదిలో చెప్పలేదు. పడుకున్న మనిషి వినకూడదని అతని భార్య సబీహాని వరండాలోకి పిలిచి చెప్పారు. తారిక్ విననే విన్నాడు. ఆటోనగర్‌లో లారీల కింద బరువు మోసే ఇనప కమాను కట్టలు విప్పి బిగించే మనిషి, సుత్తుల మోతలో పక్క షెడ్డు కబుర్లు కూడా పట్టేయగలవాడు, తలుపు అవతలి మాట వినలేడా?

జారిన కమాను పట్టీ ఒకటి అతని మోకాలి కింద ఎముకని విరగ్గొట్టింది. ఎముక అతుక్కుంది గానీ లోపల చీము పట్టింది. ఆ చీములో ఉన్న క్రిమి ఏ మందుకీ లొంగడం లేదు.

"శుక్రవారం పొద్దున్న తీసేద్దామమ్మా. ఇంకా ఆగితే విషం రక్తంలోకి ఎక్కుతుంది," అన్నారు డాక్టరుగారు.

సబీహా గోడకి ఆనుకుని ఏడ్చింది. ఒంటికాలి మీద లారీ కిందికి ఎలా దూరతాడు, షెడ్డు ముందునుంచి ఎలా నడిచి వెళతాడు, ఇవే ఆలోచనలు.

పటమటలో వాళ్ళ కింది వాటాలో ఉండే జ్ఞానేశ్వరి గన్నవరం దగ్గర ఓ కాలేజీలో సూక్ష్మజీవుల పాఠాలు చెబుతుంది. సంగతి విని ఆమె సబీహాని కూర్చోబెట్టింది.

"క్రిముల్ని చంపే క్రిములు కూడా ఉంటాయి సబీహా. వైరస్సులే, కానీ మనిషి జోలికి రావు. ఒక్కో రకం ఒక్కో బాక్టీరియానే పట్టుకుంటుంది. మందులు పనిచెయ్యని చోట ఈమధ్య వాటితో కొంతమందికి నయమైంది."

"ఎక్కడ అమ్ముతారు మేడమ్?"

"అమ్మరు. వెతుక్కోవాలి. జబ్బు క్రిమి ఎక్కడుంటే దాన్ని తినేదీ అక్కడే ఉంటుంది. ఆసుపత్రి వెనక మురుగుకాలువ ఉంది చూడు, ఆ నీళ్ళు ఓ సీసాలో పట్టుకురా. ఒట్టేసి ఏమీ చెప్పలేను. దొరికినా శుద్ధి చెయ్యాలి, పర్మిషన్ తెచ్చుకోవాలి."

ఈ సంగతి చెబితే డాక్టరుగారు కొట్టిపారేయలేదు. శుక్రవారంలోపు అలాంటిదొకటి దొరికిందని చూపిస్తే, మనిషి తట్టుకుంటే, కొన్నాళ్ళు ఆగి చూస్తానన్నారు. చీము కొద్దిగా జ్ఞానేశ్వరికి పంపించారు.

సబీహా ముక్కుకి చున్నీ చుట్టుకుని కాలువలోకి దిగింది. సిరంజిలు, దూది, నల్లటి నురగ. సీసా నింపుకుని ఇంటికొచ్చి వంటగది గట్టు మీద పెట్టి, దానివంక చూస్తూ నిలబడిపోయింది. నమాజుకని దినానికి ఐదుసార్లు కాళ్ళు కడుక్కునే మనిషి తారిక్. ఈ కంపు ఆయన ఒంట్లోకి వెళ్ళాలా?

ఆమె పుట్టింది అవనిగడ్డ అవతల, కాలువ చివరి ఊళ్ళో. పసుప్పచ్చటి కాలువ నీళ్ళు తాగి పెరిగింది. అక్కడ ఏ ఆడదానికైనా బిందె దించగానే చెయ్యి పటిక కోసం వెళుతుంది. సబీహా చెయ్యీ అలాగే వెళ్ళింది. పటిక ముక్క పట్టుకుని నాలుగు తిప్పులు తిప్పింది. మడ్డి అడుక్కి దిగింది. పైన తేరిన నీళ్ళని గుడ్డలో వడగట్టి, కడిగిన సీసాలో పోసింది. అడుగు మడ్డిని అలవాటు ప్రకారం గోరింట కుండీలో వంచేసింది. ఇన్నాళ్ళకి భర్తకి తన చేత్తో ఓ మంచి పని చేశానని ఆ పూట కాస్త అన్నం తిన్నది కూడా.

గురువారం మధ్యాహ్నం జ్ఞానేశ్వరి ఓ చిన్న ప్లాస్టిక్ పళ్ళెం తెచ్చి వెలుతురుకి ఎత్తి చూపించింది. తారిక్ చీములోని క్రిమి దానినిండా పాలమీద మీగడలా పరుచుకుని ఉంది. ఎక్కడా చిల్లి లేదు.

"తినేది ఉంటే ఇందులో చిల్లులు పడాలి. ఒక్కటీ పడలేదు. నీళ్ళు కూడా మరీ తేటగా ఉన్నాయి. అక్కడే పట్టావా?"

"అక్కడే మేడమ్. ఆయన ఒంట్లోకి వెళ్ళేది కదా అని పటిక తిప్పాను."

జ్ఞానేశ్వరి మెట్టు మీద కూలబడింది. కేకలేస్తే బాగుండునని సబీహాకి అనిపించింది. ఆమె కేకలెయ్యలేదు.

"మనకి కావలసింది మడ్డితోపాటు దిగిపోయుంటుందమ్మా. తప్పు నాది. చెప్పవలసింది."

ఆటో ఎక్కి ఇద్దరూ కాలువ దగ్గరికి పరుగెత్తారు. వార్డులో వాంతులు, విరేచనాలు మొదలయ్యాయని అప్పటికే ఎవరో కాలువ పొడుగునా బ్లీచింగ్ పొడి కుమ్మరించారు. నీళ్ళ మీద తెల్లటి తెట్టు కట్టింది. జ్ఞానేశ్వరి వాసన చూసి, ఇక ఇందులో ఏదీ బతికుండదని తల అడ్డంగా ఊపింది.

అప్పుడు గుర్తొచ్చింది సబీహాకి గోరింట కుండీ. ఇంటికొచ్చి మొక్కని వేళ్ళతో సహా పెరికేసి, మట్టిని రెండు చేతులా ఎత్తి కవర్లో పోసింది. పటికలో చిక్కుకున్నవి మళ్ళీ విడివడవచ్చని జ్ఞానేశ్వరి అంది. కానీ చిల్లులు పడేసరికి రేపు మధ్యాహ్నం అవుతుంది.

"ఒక్క పూట ఆగండి సార్," అని సబీహా డాక్టరుగారి కాళ్ళ మీద పడబోయింది.

ఆయన గబుక్కున వెనక్కి జరిగారు. "బీపీ పడిపోతోందమ్మా. పూట ఆగితే మనిషే దక్కడు."

మంచం మీంచి తారిక్ అన్నాడు, "తీసెయ్యనీ సబీహా. నాకు ఓపిక లేదు."

శుక్రవారం పొద్దున్న తీసేశారు.

మధ్యాహ్నం జ్ఞానేశ్వరి రొప్పుతూ వచ్చింది. పళ్ళెం ఈసారి వెలుతురుకి ఎత్తి పట్టుకోనక్కర్లేదు. మీగడ నిండా గుండ్రటి చిల్లులు, చినుకులు పడిన ఇసకలాగా. దొరికింది. కుండీ మట్టిలో దొరికింది. అప్పటికి తారిక్‌కి తెలివొచ్చింది. దుప్పటి ఒకవైపు మోకాలి పైనే పల్లంగా పడిపోయి ఉంది.

"ఏంటవి?" అన్నాడు.

జబ్బు క్రిమిని తినేవి ఇవాళ బయటపడ్డాయని జ్ఞానేశ్వరి మెల్లగా చెప్పింది. తొడ ఎముకలోకి కూడా ఆ క్రిమి పాకిందేమోనని డాక్టరుగారి అనుమానమనీ, అలా అయితే ఇవి ఇప్పటికైనా పనికిరావచ్చనీ చెప్పింది. ఆ ఆలస్యం ఎందుకయిందో మాత్రం చెప్పలేదు.

"నిన్ననే దొరికుంటే కాలు ఉండేదాండీ?"

జ్ఞానేశ్వరి పళ్ళెం మూత బిగించడంలో పడింది. సబీహా ఇక ఉండలేకపోయింది.

"ఉండేదేమోనండీ. నేనే పాడుచేశాను. మురుగు నీళ్ళు మీకెలా ఇస్తారని పటిక తిప్పాను."

పెళ్ళైన కొత్తలో బెజవాడ నీళ్ళు నోట పెట్టుకోలేక ఆమె ఏడుస్తుంటే, వన్‌టౌన్‌కి వెళ్ళి పిడికెడంత పటిక గడ్డ కొనుక్కొచ్చింది తారికే.

"నేను తెచ్చిన పటికేనా?"

"అదే."

"నీళ్ళు తేరాయా?"

"తేరాయండీ," అంది సబీహా. తారిక్ చెయ్యి మంచం అంచు మీదుగా వెతుక్కుంటూ వచ్చి, గోళ్ళలో ఇంకా కుండీ మట్టి ఉన్న ఆమె చేతిని పట్టుకుంది.