మనమ్మాయికి మూడు మార్కులు

ఆయన్ని మేస్త్రి అందాం. ఇళ్లు కట్టే మేస్త్రి కాదు, పళ్లు కట్టే మేస్త్రి. డెంటల్ డాక్టర్లు పంపిన అచ్చులు చూసి క్యాపులు, కట్టుడుపళ్లు తయారుచేసే ల్యాబులో ఆయనది పదకొండేళ్ల సర్వీసు, పనివాళ్ల మీద పెద్దరికం కూడా ఆయనదే. అక్కడున్న రెండో తెలుగు మనిషి ఆయనకి వేలువిడిచిన మేనకోడలు. నాలుగేళ్ల కిందట ఓనరుతో మాట్లాడి, వీసాకి స్పాన్సరు చేయించి, ఆ అమ్మాయిని ఈ దేశానికి రప్పించింది ఆయనే. వెంట మొగుడూ, బడికెళ్లే కూతురూ వచ్చారు. ఆ ఇద్దరి వీసాలూ ఆమె ఉద్యోగాన్ని పట్టుకునే ఉన్నాయి.

అమ్మాయి పనిమంతురాలు. పింగాణీ పొడిని నీళ్లతో తడిపి, సన్నటి కుంచెతో పొర మీద పొర పెట్టి, ఫర్నేసులో కాల్చి తీసిందంటే, నోట్లో ఏది దేవుడిచ్చిన పన్నో, ఏది ల్యాబు ఇచ్చిన పన్నో డాక్టరుకే అంతుపట్టేది కాదు. ఇంత పనితనం తన చేతికి కూడా లేదని మేస్త్రికి మొదటి నెలలోనే తెలిసిపోయింది. తెలిసిన సంగతి ఎవరితోనూ అనలేదు.

ఆయనకో జబ్బుంది. దానికి ఆయన నిజాయితీ అని పేరు పెట్టుకున్నాడు. తన వాళ్లని వెనకేసుకొస్తున్నాడని నలుగురూ అంటారేమోనన్న భయమే ఆ జబ్బు. కిటికీ పక్కన వెలుతురున్న బల్ల ఖాళీ అయితే నిన్నగాక మొన్న చేరినవాడికి ఇచ్చాడు. సెలవులు పంచేటప్పుడు మేనకోడలి వంతు అందరికంటే ఆఖరున పెట్టాడు. మావయ్యకి మాట రాకూడదని ఆమె కూడా సర్దుకుపోయింది.

ఏడాది చివర్లో ఆరుగురు పనివాళ్లకీ అయిదుకి ఇన్ని అని మార్కులు వేసి ఓనరుకి ఇవ్వాలి. అందరికీ నాలుగు వేసుకుంటూ వచ్చాడు. ఆమె దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆగింది. న్యాయంగా అయితే అయిదు. అయిదు వేస్తే ఇంకేమైనా ఉందా? నాలుగు కూడా అనుమానంగానే కనిపించింది. మూడు వేసి, పక్కన ‘పని ఫరవాలేదు’ అని రాసి, గుండెల మీంచి బరువు దిగినట్టు టీ తాగడానికి వెళ్లాడు. ఆ కాగితం చూసుకుని ఆమె నోరెత్తకుండా సంతకం పెట్టింది. అమ్మయ్య అనుకున్నాడు మహానుభావుడు.

ఏడాది తిరక్కుండానే పెద్ద క్లినిక్కులు రెండు మెషీన్లో చెక్కే క్యాపులకి మళ్లిపోయాయి. పని తగ్గింది. ఒకర్ని తీసేయక తప్పదని ఓనరు మార్కుల కాగితం తెప్పించుకుని, అందరికంటే తక్కువ ఎవరికున్నాయో చూశాడు. అమ్మాయి ఉద్యోగం పోయింది. అరవై రోజుల్లో మరో ఓనరు స్పాన్సరు చేయకపోతే ముగ్గురూ దేశం వదిలి వెళ్లిపోవాలి.

మేస్త్రి పరుగున ఓనరు గదిలోకి వెళ్లాడు. ఆ మూడు మార్కులు పొరపాటని, ఆమెది చాలా మంచి పనితనమని చెప్పాడు. ఓనరు జాలిగా చూశాడు. సొంత మనిషి కాబట్టి బాధ ఉంటుందని, అర్థం చేసుకోగలనని అన్నాడు. సొంత మనిషికైనా ఉన్నదున్నట్టు మార్కులు వేసే మేస్త్రి కాబట్టే ఆ కాగితాన్ని నమ్మానని కూడా అన్నాడు. ఆ మెప్పు కోసమే ఇన్నేళ్లూ ప్రాకులాడిన మనిషికి అది విని తలెత్తడానికి మొహం చెల్లలేదు.

నలభయ్యో రోజున కాస్త ఆశ పుట్టింది. ఇంకో ల్యాబువాళ్లు ఆమె చేత రెండు పళ్లు చేయించుకుని ముచ్చటపడ్డారు. స్పాన్సరు చేస్తాం గానీ, పాత చోటి మార్కుల కాగితం తెమ్మన్నారు. దాంతోపాటు ఓ ఉత్తరం రాసిపెట్టమని ఆమె మావయ్యని అడిగింది.

మేస్త్రి ఆదివారం పొద్దున్నే కూర్చుని రాశాడు. ‘కావాలనే మార్కులు తగ్గించాను’ అని ఒక వాక్యం రాసి, చాలాసేపు దాన్నే చూశాడు. ఆ సంగతి ఓనరు చెవిన పడితే? తన వీసా కూడా ఆ ఓనరు సంతకం మీదే నడుస్తోంది. వాక్యం కొట్టేశాడు. బదులుగా అమ్మాయి పనితనాన్ని ఆకాశానికెత్తుతూ రెండు పేజీలు నింపాడు. టీ తెచ్చిన భార్య కొట్టివేతతో సహా అంతా చదివింది.

“ఊరందరికీ న్యాయం చేశారు, ఆ పిల్లకి తప్ప” అని కప్పు అక్కడ పెట్టి వెళ్లిపోయింది.

ఉత్తరం చూసిన కొత్త ల్యాబువాళ్లు, ఈయన మీకేమవుతాడని అడిగారు. ఆమెకి అబద్ధం చేతకాదు. బంధువు పొగిడాడు కాబట్టి ఉత్తరాన్ని పక్కన పెట్టారు. బంధువై ఉండి కూడా మూడే వేశాడు కాబట్టి మార్కుల్ని నమ్మారు. ఉద్యోగం రాలేదు.

ప్రయాణానికి రెండు రోజుల ముందు మేస్త్రి వాళ్లింటికి వెళ్లాడు. హాల్లో సూట్‌కేసులు నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. మొగుడు బడి నుంచి పిల్లని తీసుకురావడానికి వెళ్లాడు. ఆమె గిన్నెలకి పాత పేపర్లు చుడుతోంది. నిలబడే మొత్తం చెప్పేశాడు. కిటికీ బల్ల, సెలవులు, మార్కులు, ఆఖరికి ఉత్తరంలో కొట్టేసిన వాక్యం కూడా. ఆమె తిట్టినా, పొమ్మన్నా పడటానికి సిద్ధపడే వచ్చాడు.

ఆమె చేతిలో గిన్నె కింద పెట్టింది.

“నా పనిలో నిజంగానే ఏదో లోపం ఉందనుకున్నాను మావయ్యా. నెలల తరబడి అదేంటో వెతుక్కున్నాను. చేసిన పన్నే మళ్లీ మళ్లీ చేశాను. మీరు చెప్తారేమోనని ఎదురుచూశాను.”

సాయంత్రాలు అందరూ వెళ్లాక కూడా ఆమె బల్ల ముందు ఎందుకు కూర్చునేదో ఆయనకి ఇప్పుడు తెలిసింది. రోజూ ఆ పక్కనుంచే సంచి భుజాన వేసుకుని ఇంటికెళ్లేవాడు.

“అయితే నా పని బాగుండేదా?” అంది.

“నాకంటే బాగుండేదమ్మా” అన్నాడు.

ఆమె తలూపింది. కళ్లు తుడుచుకుని, “ఆ మాట అప్పుడే అనుంటే బాగుండేది మావయ్యా” అని, మళ్లీ గిన్నె అందుకుంది.