తడి కట్టెల లోడు

జిన్నారం దగ్గరి కట్టెముక్కల యూనిట్‌లో భవాని పని గేటు దగ్గరే. అడవి తోటల్లో నీలగిరి చెట్లు కొట్టి దుంగలు పేపరు మిల్లుకు పోయాక, మిగిలిన కొసలూ కొమ్మలూ ట్రాక్టర్లలో అక్కడికి వస్తాయి. మిషన్‌లో ముక్కలై, చుట్టుపక్కల మందుల కంపెనీల బాయిలర్లలో బొగ్గుకు బదులు మండుతాయి. వచ్చిన ప్రతి లోడుకూ మీటరు గుచ్చి తేమ ఎంతుందో రాయాలి. ఇరవై అయిదు శాతం దాటితే వెనక్కి పంపాలి. తడి కట్టె కుప్పలో మగ్గి లోలోపల కాగుతుందని, ఒక్కోసారి దానంతట అదే అంటుకుంటుందని పనిలో చేరిన రోజే ఆమెకు చెప్పారు.

ఆ శ్రావణంలో ముసురు వారం రోజులు వదల్లేదు. కూలీలతో కొమ్మలు కొట్టించి ట్రాక్టరులో తోలే పెద్దరాములు, రెండు రోజులుగా లోడుతో గేటు బయటే వంతు కోసం ఉన్నాడు. ఇద్దరిదీ కర్దనూరే. భవాని తండ్రి పోయినప్పుడు పాడె మోసిన నలుగురిలో ఆయనొకడు. ఆమె పెద్దనాయిన అని పిలిచేది. మీటరు గుచ్చితే ముప్పై ఎనిమిది వచ్చింది. ఆయన బతిమాలలేదు. తడిసిన తువ్వాలు పిండుకుంటూ, ఇది వెనక్కి పోతే కూలి డబ్బులు అందక కూలీలు ఇంకోసారి తన వెంట అడవికి రారని మాత్రం అన్నాడు.

భవాని ఇరవై నాలుగు అని రాసింది. విడిగా పోయించమని ఆయనకు మరీమరీ చెప్పింది. లోపల జాగా లేక, లోడరు బండి దాన్ని పాత కుప్పలోకే తోసింది.

తొమ్మిదో రోజు పొద్దున కుప్పలోంచి ఆవిరి లేచింది. లోడరు నడిపేవాడు వచ్చేదాకా ఎవరూ దగ్గరికి పోవద్దని సూపర్‌వైజర్ మురళీమోహన్ కేకేసి ఆఫీసులోకి వెళ్లాడు. అప్పుడే ఇంకో లోడుతో వచ్చిన పెద్దరాములు ఆ ఆవిరి చూశాడు. అది తన కట్టేనని ఆయనకు తెలుసు. వేడి ఎక్కడుందో చూద్దామని ఇనుప గొట్టం పట్టుకుని పైకెక్కాడు. అడుగున కాలి కాలి గుల్లయిన చోట కాలు పెట్టి, నడుము దాకా దిగబడ్డాడు.

లాగిన చేతుల్లో భవాని చేతులూ ఉన్నాయి.

సంగారెడ్డి ఆసుపత్రిలో అయిదు రోజులున్నాడు. భవాని రోజూ వెళ్లి వరండాలోనే నిలబడేది. మూడో రోజు ఆయన భార్య బీరమ్మ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. తిన్నావా అని అడిగాడాయన. తిన్నానని మాత్రం చెప్పి భవాని బయటికి వచ్చేసింది. ఆరో రోజు తెల్లవారేసరికి ఆయన లేడు.

చెప్పినా వినకుండా ఎక్కాడని యూనిట్‌వాళ్లు రాసుకున్నారు. తడి లోడు గురించి ఎవరూ అడగలేదు. దినాలయ్యాక భవాని బీరమ్మ దగ్గరికి వెళ్లి, గడపలోనే కూర్చుంది.

"పెద్దమ్మా, ఆ లోడు తడిది. నేనే తక్కువ రాసిన."

బీరమ్మ చేతిలోని చేట కింద పెట్టింది.

"నాకెరుకే. ఆయిన చెప్పిండు. నీ పేరు బయటికి తియ్యొద్దని ఒట్టేయించుకున్నడు." ఆగి, మెల్లగా అంది. "నీ మీద కోపం లేదని అనను. ఆ రోజు నువ్వు ఒద్దంటే, తిట్టుకుంట ఇంటికొచ్చేటోడు. గంతే."

మర్నాడు భవాని అసలు అంకె కాగితం మీద రాసి మురళీమోహన్‌కు ఇచ్చింది. ఇంట్లో ఉన్న ఆమె పిల్లల ముఖం చూసైనా అది వెనక్కి తీసుకోమని ఆయన మంచిగానే చెప్పాడు. ఆమె తీసుకోలేదు. వారంలో ఉద్యోగం పోయింది.

ఇప్పుడు పోతిరెడ్డిపల్లిలో ఒక హాస్టల్‌లో వంట చేస్తోంది. కర్దనూరు పోయినప్పుడల్లా బీరమ్మ ఇంటికి పోతుంది. బీరమ్మ కూర్చోమంటుంది, మంచినీళ్లిస్తుంది. మాట్లాడుకోవడానికి ఇద్దరికీ ఏమీ దొరకదు. కాసేపుండి, భవాని బస్సు టైమయిందని లేస్తుంది.